ముప్పై నాలుగు గంటలు

మా మామ గూడ్సుబండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉండగా రైల్వేవాళ్ళు ఇచ్చిన జేబుగడియారాన్ని దిగిపోయిన నాడే వెనక్కి తీసుకున్నారట. ఆ కసితో ఆయన మద్రాసు నుంచి పెద్ద గోడగడియారం తెప్పించి, నడవాలో ఎవరి చేతికీ అందనంత ఎత్తున మేకు కొట్టించి తగిలించాడు. ఆదివారం పొద్దున స్టూలెక్కి తానే కీ ఇచ్చేవాడు. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. కానీ దాన్ని చూసి టైము చెప్పడం మాత్రం ఆ ఇంట్లో అందరికీ రావాలి, ఎన్నటికీ రాదని ఆయన వదిలేసిన మా అత్తకు తప్ప.

నేను కోడలిగా కడపకు వచ్చింది ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో. నాకప్పుడు పదహారేళ్ళు. మా ఊరు బనగానపల్లె దగ్గర. అయిదో తరగతి దాకా చదివాను, ఎక్కాలు బాగా వచ్చు, కానీ మా ఇంట్లో గడియారం లేదు. గోడ నీడ వసారా మెట్టు దాటితే మధ్యాహ్నం బువ్వ వేళ. ఎద్దులు ఇల్లు చేరితే దీపం వేళ. తోటలో మామిడికాయలు కోయించేటప్పుడు కూడా మా అమ్మ కూలీలతో "పొద్దు ఆ చెట్టు కొమ్మల్లో పడేదాకా" అనేదే కానీ ఇన్ని గంటల దాకా అనేది కాదు.

కాపురానికి వచ్చిన మూడో రోజు మామ నన్ను గడియారం ముందు నిలబెట్టాడు. బంధువులు ఇంకా వెళ్ళలేదు. నడవా నిండా మనుషులున్నారు.

"ఎంతయిందో చూసి చెప్పుమ్మా."

నేను తలెత్తి చూశాను. "పెద్ద ముల్లు ఎనిమిది మీద ఉండాది. చిన్న ముల్లు మూడుకూ నాలుగుకూ నడిమధ్య ఉండాది మామా."

"ముండ్లు యాడుండాయో నాకూ కనపడతాండాది. టైమెంత?"

"మూడూ... ఎనిమిది."

నడవా అంతా నవ్వు. మామ మాత్రం నవ్వలేదు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, "మూడు గాదు, పదిహేను. ఎనిమిది గాదు, నలబై. పదిహేను గంటల నలబై నిమిషాలు. ఈ ఇంట్లో రైలు లెక్క. తెల్లవారుజాము మూడు వేరే, పగటి మూడు వేరే. రెండింటికీ ఒకే పేరు పెట్టేది బుద్ధిలేనోల్లు" అన్నాడు.

మర్నాటి నుంచి నా పాఠాలు మొదలయ్యాయి. బావి నుంచి నీళ్ళు తేవడానికి పోయేముందు గడియారం చూసి టైము చెప్పి పోవాలి. వచ్చాక మళ్ళీ చూసి, ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి చెప్పాలి. బట్టలుతకడానికి పోయినా అంతే. తప్పు చెబితే, సరిగ్గా చెప్పేదాకా అన్నం ముందు కూర్చోకూడదు. ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెంచేవాడు కాదు.

ఒకరోజు ఎనిమిదీ నలబైకి బట్టలు తీసుకొని పోయి పదీ పదిహేనుకు తిరిగి వచ్చాను. నాకు తెలిసింది వందల లెక్క. వెయ్యిన్ని పదిహేనులో ఎనిమిదివందల నలబై తీసేసి, "ఒక గంటా డెబ్బై అయిదు నిమిషాలు" అన్నాను.

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "గంటకు వంద నిమిషాలుండే దేశం యాడుండాదమ్మా? మీ బనగానపల్లెలోనా?"

నాకు తప్పెక్కడుందో తెలియలేదు. తీసివేత సరిగ్గానే చేశాను కదా అని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది. పొద్దుగూకేదాకా అదే వచ్చింది. గంటను అప్పు తెచ్చుకుంటే వచ్చేది వంద కాదు, అరవై అని ఆయన ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు నన్ను పిలిచి, "గంటకెన్ని నిమిషాలో చెప్పమ్మా ఈయప్పకు" అనేవాడు. రాత్రి నా భర్త ఎవరూ చూడకుండా బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, "అరవై. అరవై తెచ్చుకోవల్ల" అని చెవిలో చెప్పాడు. తాలూకాఫీసులో గుమాస్తా ఆయన. తండ్రి ముందు నోరు విప్పి నేనెప్పుడూ చూడలేదు.

మా అత్త తక్కువ మాటల మనిషి. బియ్యంలో రాళ్ళేరుతూ ఒక మధ్యాహ్నం తనంతట తానే మొదలుపెట్టింది.

"నాకు మొదట ఆడపిల్ల పుట్టిందిలే. నడక కూడా వచ్చింది. వాంతులూ బేదులూ పట్టుకొని ఒక్క దినంలో పోయింది. ఈయప్ప లైను మీద ఉండాడు. మర్నాడు వచ్చినాడు. ఏమడిగినాడో తెల్సునా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"'ఎన్ని గంటలకు పోయింది?' అన్నాడు. పొద్దు వాలినంక అంటి. 'పొద్దు వాలినంక అంటే ఎన్ని?' అన్నాడు. నాకు తెల్దంటి. కూర్చోబెట్టి అడిగినాడు. ఎప్పుడు వాంతి చేసుకుంది, ఎప్పుడు కండ్లు తేలేసింది, మెయిలు బండి కూతకు ముందా ఎనకా, అన్నీ అడిగి లెక్కేసినాడు. లెక్కేసి, 'అరగంట ముందు ఆసుపత్రికి ఎత్తుకపోయింటే బతికుండు' అన్నాడు. అంతే. లేచి స్నానానికి పోయినాడు."

ఆమె చేట ఎత్తి బియ్యం చెరిగింది. "ఆ దినం నుంచి నాకు గడియారం వచ్చు. వచ్చని ఆయప్పకు చెప్పలే."

మరుసటి ఏడు మామిడిపూత కాలంలో మా అన్న దగ్గర నుంచి టెలిగ్రాం వచ్చింది. అమ్మకు ఒళ్ళు బాగలేదు, వెంటనే రమ్మని. నా భర్త భోజనానికి ఇంటికి వచ్చిన సమయం. మా ఊరి వైపు పోయే బస్సు రెండున్నరకు. అది తప్పితే మళ్ళీ మర్నాడే. నేను చీర మార్చుకొని, సంచిలో రెండు బట్టలు పెట్టుకొని నడవాలోకి వచ్చేసరికి రెండవుతోంది. నా భర్త చెప్పులేసుకొని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

మామ కుర్చీలోంచి కదలలేదు. "పంపిస్తా. ఎవురు పంపియ్యనన్నారు? ఇరవై గంటలు లీవు. పద్నాలుగు గంటలకు బయలుదేరతాండావు. మళ్ళీ ఎన్ని గంటలకు ఈ ఇంట్లో ఉండల్ల? చెప్పి పో."

నేను ఆలోచించలేదు. పద్నాలుగుకు ఇరవై కలిపాను. "ముప్పై నాలుగు గంటలకు మామా."

"ముప్పై నాలుగు." ఆయన ఆ మాటను నోట్లో చప్పరించాడు. "ముప్పై నాలుగు గంటలకు వచ్చే బండి నా సర్వీసులో నేను చూళ్ళేదే. గడియారంలో యాడుండాదో చూపించు."

నేను గడియారం వైపు చూశాను. అందులో పన్నెండు అంకెలే ఉన్నాయి. ఒక్కటీ నాకు సాయానికి రాలేదు. మా అమ్మ ముఖం తప్ప మనసులో ఏదీ నిలవడం లేదు.

"నాయనా, బస్సు పోతాది" అన్నాడు నా భర్త.

"నువ్వు గమ్మునుండు. గార్డు జెండా ఊపకుండా డ్రైవరు బండి కదిలిస్తాడా?"

వంటింటి గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. రెండు చేతులూ ఎత్తి వేళ్ళన్నీ విప్పి నాకు చూపించింది. ఓర్చుకో, ఓర్చుకో అంటోందనుకున్నాను. మళ్ళీ చూపించింది. పది వేళ్ళు. పది! అర్ధరాత్రికి ఇరవై నాలుగు అయిపోతే, మిగిలింది పది. నేను నోరు తెరిచేలోపు మామ గడియారం అద్దంలోకి చూస్తున్నాడు. ఆ అద్దంలో గుమ్మం కనబడుతుంది.

"ఓహో. నీకు గూడా వస్తాదా?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "ఎన్నేండ్లుగా దాచిపెట్టినావు? సరే. లెక్క మారుస్తాం. ఇరవై రెండు గంటలు లీవు. రెండు గంటలు ఎక్కువే ఇస్తాండా, సంతోషమే గదా? ఇప్పుడు చెప్పు."

నేను వేళ్ళ మీద ఎంచాను. పదిహేను, పదహారు, పదిహేడు. ఏడుపు అడ్డమొచ్చి ఎక్కడ ఆగానో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. ఇరవై నాలుగు తర్వాత ఇరవై అయిదు వద్దు, ఒకటి, ఒకటి అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడోసారికి అందింది.

"పన్నెండు."

"పగలా, రాత్రా?"

"రైలు లెక్కలో పన్నెండంటే పగలే మామా."

"ఇప్పుడు పో."

మేము బస్టాండు దాకా పరుగెత్తాం. బస్సు పోయిన దుమ్ము ఇంకా రోడ్డు మీద వాలలేదు. శెనక్కాయలమ్మే ఆమె మమ్మల్ని చూసి, "ఇప్పుడే పాయె కదమ్మా" అంది.

మర్నాటి బస్సులో పోయాను. దీపాలు పెట్టే వేళకు ఊరు చేరితే, మా ఇంటి ముందు మగవాళ్ళు తడిబట్టలతో కూర్చుని ఉన్నారు. మా అమ్మను మట్టి చేసి వచ్చి స్నానాలు చేశారు. మా అన్న నన్ను పట్టుకొని, "నిన్న రాత్రి దాకా తెలివి ఉన్నింది. తలుపు కదిలినప్పుడల్లా నువ్వే అనుకొనింది. యాలమ్మా ఒకదినం ఆలిస్యం చేస్తివి?" అన్నాడు. బస్సు తప్పిపోయిందని చెప్పాను. ఎందుకు తప్పిందో చెబితే మా అన్న కడపకు వచ్చి ఆ ముసలాయన్ను నరికి ఉండేవాడు. మా వైపు అది పెద్ద విశేషమేమీ కాదు.

దినాలు ముగించుకొని తిరిగి వచ్చాను. గడపలో కాలు పెట్టగానే మామ అడిగిన మొదటి మాట: "పదకొండు దినాలు పోయింటివి. ఎన్ని గంటలు?"

"రెండువందల అరవై నాలుగు" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. అంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. "చూసినావా? బుద్ధి పెడితే రాకుండా యాడికి పోతాది!" అన్నాడు.

ఆ తర్వాత నేను ఒక్క లెక్కా తప్పలేదు. కానీ ఆయనకు నేను తప్పినదే గుర్తు. చుట్టాలకూ, మంగలికీ, పాలవాడికీ ముప్పై నాలుగు గంటల కథ చెప్పేవాడు. మా అమ్మ చావు అందులో ఉండేది కాదు. నా తెలివితక్కువతనం వరకే ఉండేది. వీధిలో నాకు ముప్పై నాలుగు గంటల కోడలని పేరు పడింది.

రెండేళ్ళు గడిచేసరికి ఆయన చూపు మందగించింది. కళ్ళ ముందు పొగమంచు అనేవాడు. దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయనేవాడు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతే నీటికాసులన్నారు, వేళ మించిపోయిందన్నారు. ఆ ఏడాది లోపలే రెండు కళ్ళూ పోయాయి. చక్కెరజబ్బు ఉందని కూడా అప్పుడే తెలిసింది.

గడియారం బాధ్యత మా అత్త మీద పడింది. స్టూలెక్కి ఆమే కీ ఇచ్చేది. ఆ గడియారానికి రెండు రంధ్రాలు, ఒకటి ముళ్ళు నడవడానికి, రెండోది గంట కొట్టడానికి. ఒక ఆదివారం ఆమె మొదటిదానికే కీ ఇచ్చి కిందికి దిగింది. రెండు రోజులకు గంట మూగబోయింది.

"గంట వినపడ్డంలే, ఏమాయె?" అన్నాడు మామ.

"చెడిపోయింది."

"నీ కొడుకును బాగుచేయించమను."

"చెప్తాలే."

మొదట చిన్న అబద్ధాలు. పగలు ఒంటిగంటకు, ఆకలితో ఆయన టైమడిగితే, "పదకొండు" అనేది. అన్నం మూడుకు పెట్టి, పన్నెండనేది. తర్వాత తర్వాత దానికి హద్దు లేకుండా పోయింది. పొద్దు కుంకాక "పద్నాలుగు" అనేది. ఆయన పడుకొని లేస్తే, ఒకసారి అయిదు నిమిషాలే పడుకున్నావనేది, ఇంకోసారి రాత్రంతా పడుకున్నావనేది.

ఆయన మంచం మీద కూర్చొని పైకే లెక్కలు వేసుకునేవాడు. "అయిదుకు లేస్తి. ఏడుకు కాపీ తాగితి. అప్పటి నుంచి నాలుగు గంటలు అయింటుంది. పదకొండు. ఇది ఎనిమిదంటాది..." ఆయన లెక్కే ఎప్పుడూ నిజానికి దగ్గరగా ఉండేది. స్టేషను వైపు నుంచి కూత వినబడితే తల నిక్కించి, "అది మెయిలు గదా!" అనేవాడు. "గూడ్సు. మెయిలు ఇంకా రాలే" అనేది అత్త. వీధి చివర మసీదులో సాయంకాలం నమాజు పిలుపు వినిపిస్తే, అది పగటి నమాజనేది. అడిగి తెలుసుకుందామంటే ఆయన దగ్గరికి వచ్చే మనుషులు లేరు. చూపున్న రోజుల్లోనే ఆయన లెక్కలకు జడిసి అందరూ రావడం మానేశారు. నా భర్త పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆయనకు ఈ సంగతి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్ళకు ఆయనకు తన లెక్క మీద నమ్మకం పోయింది. సగంలో ఆగి, "తప్పుతాండా, యాడో తప్పుతాండా" అని నుదురు కొట్టుకునేవాడు.

ఒకరోజు అత్త గుడికి పోయింది. ఆయన నన్ను పిలిచాడు. గొంతు చిన్నగా ఉంది.

"అమ్మా, నువ్వు చెప్పు. ఎంతయిండాది?"

నాకు ఆయన మీద జాలి లేదు. అయినా అడిగిన గొంతు వేరేగా ఉంది, అబద్ధం రాలేదు. గడియారం చూసి, "పదిహేడు గంటల ఇరవై నిమిషాలు మామా" అన్నాను.

వేళ్ళ మీద ఏదో ఎంచుకున్నాడు. తర్వాత పెదవి వంకర పోయింది. పాత నవ్వు. "పదిహేడా! పొద్దున్నుంచి నాకు ఒక్కసారే బువ్వ పెట్టినారు, అప్పుడే పదిహేడా? నిన్ను అడిగినా చూడు, నాది తప్పు. ముప్పై నాలుగు గంటల లెక్క నీది." అత్త వచ్చేదాకా ఆగి ఆమెనడిగాడు. "పన్నెండున్నర" అందామె. ఆయన తృప్తిగా దిండుకు ఆనుకున్నాడు.

ఆ వేసవిలో ఆయనకు జ్వరం వచ్చింది. చీకటిగదిలో మందు మత్తులో పడుకుని ఉన్నాడు. నేను పెరటి పంచలో రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతున్నాను. లోపల ఆయన లేచి అడగడం, అత్త జవాబు చెప్పడం వినబడుతోంది.

"ఎంతయింది?"

"తెల్లారి అయిదు. లేచి మొగం కడుక్కో. తొట్టి కాడ నీళ్ళు పెట్టిండా."

"ఉడుకుతా ఉండాదే."

"రాత్రంతా గాలి ల్యా. అంతా ఉడుకే."

మా పెరడంతా నాపరాళ్ళ పరుపు. కడపలో వేసవి మిట్టమధ్యాహ్నం ఆ నల్లబండల మీద కుక్క కూడా నడవదు. ఆయన కర్ర తాటించుకుంటూ, వట్టికాళ్ళతో గడప దిగాడు. జ్వరం ఒంటికి ఎండ తెలియలేదో ఏమో, నాలుగడుగులు వేశాక ఆగాడు. ఒక కాలు ఎత్తాడు. అది దించి ఇంకోటి ఎత్తాడు. కర్ర జారిపోయింది. వెనక్కి తిరగబోయి, గడప ఎటుందో తెలియక ప్రహరీ వైపు నడిచాడు. నోట్లోంచి శబ్దం రావడం లేదు. అత్త గడపలో చెంబు పట్టుకొని నిలబడి చూస్తోంది. నేను పచ్చడిబండ వదిలి పరుగెత్తాను. ఆయన్ను రెక్కల కింద పట్టుకొని పంచలోకి ఈడ్చి పడేశాను. అరికాళ్ళ తోలు అప్పటికే పొంగింది.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఎంతయింది?"

"పన్నెండూ నలబై మామా. పగలు."

ఈసారి నవ్వలేదు. గడప వైపు, ఆమె నిలబడిన చోటికి సరిగ్గా, ముఖం తిప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీకు లెక్కలొస్తాయి గదా" అంది మా అత్త. "నువ్వే చేసుకో."

డాక్టరు వచ్చినప్పుడు, కొడుకు అడిగినప్పుడు, టైము తానే తప్పనుకొని బయటికి పోయానని చెప్పాడు. అత్త పేరు ఎత్తలేదు. చక్కెరజబ్బు ఒంట్లో కాళ్ళ పుండ్లు మానలేదు. నల్లబడి మోకాళ్ళ దాకా పాకాయి. అత్త ఏ లోటూ రానివ్వలేదు. చీము తుడిచేది, కట్లు మార్చేది, వేళకు అన్నం పెట్టేది. గంట కొట్టడానికి కూడా మళ్ళీ కీ ఇచ్చింది. గంట కొట్టినప్పుడల్లా ఎక్కడున్నా వచ్చి, మంచం పక్కన నిలబడి టైము చెప్పేది. సరైన టైమే. ఆయన అడగకపోయినా చెప్పేది. మొదట్లో ఆయన చెవులు మూసుకునేవాడు. తర్వాత చేతులెత్తే శక్తి కూడా పోయింది. తొలకరి వానలు పడేలోపల పోయాడు.

కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఇద్దరమూ శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. ఎన్నాళ్ళనుంచో నోట్లో ఆడుతున్న మాట అడిగేశాను.

"అత్తా, ఇంత చేసినావే, నీ కడుపు సల్లబడిందా?"

ఆమె కోపగించుకోలేదు. కాయ చిట్లగొట్టి, గింజలు చేటలో వేసి, ఆలోచించి చెప్పింది. "లేదమ్మా. ఆయప్ప ఉన్నన్నాళ్ళు చేసేదానికి ఒక పని ఉన్నింది. ఇప్పుడు అదీ ల్యా."

మరుసటి ఏడు నా భర్తకు కర్నూలుకు బదిలీ అయింది. కల్లూరు వైపు ఒక చిన్న ఇంట్లో దిగాం. అత్త మాతోనే వచ్చింది. నా పిల్లలను ఎత్తుకొని తిరిగింది, కథలు చెప్పింది, ఒక్కరోజు కసురుకోలేదు. అంత మంచి అత్త దొరకడం నీ అదృష్టమని ఇరుగుపొరుగువాళ్ళు అనేవారు. అవునని తలూపేదాన్ని. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు ఆమె గ్లాసులో మందు పోసి తెస్తే, లేచి వెళ్ళి సీసా చూసుకొని వచ్చి తాగేదాన్ని. ఆమె అది గమనించింది. ఆ తర్వాత నుంచి గ్లాసుతో పాటు సీసా కూడా తెచ్చి నా పక్కన పెట్టేది.